ఆరంభశూరుల పెరట్లో హమ్మింగ్‌బర్డ్

మార్చి నెలలో డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగింటికి వెళ్లినా విత్తనాల పొట్లాలు చేతులు మారుతుంటాయి. బీర, సొర, వంగ, గోంగూర, పొట్టి దోస. ఏప్రిల్లో వాట్సాప్ నిండా మొలకల ఫొటోలే. జూన్ వచ్చేసరికి సొరకాయలు ఎవరికి పంచాలో తెలీక సంచుల్లో వేసుకుని గుడికి తీసుకెళతాం. ఆగస్టులో మాత్రం ఆ పెరళ్లవైపు చూడబుద్ధి కాదు. ఊళ్లో శ్రావణమాసం వానలు పడుతుంటే ఇక్కడ రోహిణి కార్తె నడుస్తూ ఉంటుంది. రోజుల తరబడి వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ, పెరిగిన నీళ్ల బిల్లు, దోమలు. పందిరి మీద బీరతీగ ఎండి గలగలమంటుంది. మనం తలుపేసుకుని ఏసీ కింద కూర్చుంటాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన కంచె మీదుగా ఒక పిట్ట దక్షిణానికి బయలుదేరుతుంది. దాని బరువు సుమారు మూడు గ్రాములు, అంటే ఒక సెంటు బిళ్ల కంటే రవ్వంత ఎక్కువ. ఎర్రగొంతు హమ్మింగ్‌బర్డ్ అంటారు. కెనడా నుంచీ, అమెరికా తూర్పు రాష్ట్రాల నుంచీ మెక్సికోకి, మధ్య అమెరికాకి పోతుంది. కొన్ని టెక్సాస్ తీరం వెంబడి మెల్లగా దిగుతాయి. కొన్ని గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం మీద ఎక్కడా వాలకుండా ఎనిమిది వందల కిలోమీటర్లు ఎగురుతాయి. ఆ ప్రయాణానికి ముందు తిని తిని ఒంటి బరువును ఇంచుమించు రెట్టింపు చేసుకుంటాయి. వాటికి ఆకలి ఎక్కువయ్యే నెలా, మన ఓపిక అయిపోయే నెలా ఒకటే. ఈ అధ్యాయం దాని గురించే.

మనల్ని ఆరంభశూరులని వెక్కిరించడం పాత అలవాటు. ఆ మాటకు నేను నొచ్చుకోను, నా విషయంలో నిజం కాబట్టి. మొదటి ఏడాది మే నెలలో ఒక గాజు ఫీడర్ కొన్నాను. పక్కనే అమ్ముతున్న ఎర్ర ద్రవం సీసా కూడా తెచ్చి నింపి, వరండా కొక్కేనికి తగిలించి, ఫొటో తీసి అందరికీ పంపాను. వారానికి అందులో నల్లటి బూజు, రెండు వారాలకు చీమల బారు. నెలాఖరుకి దాన్ని చూడ్డమే మానేశాను. ఆగస్టులో ఒక ఉదయం కాఫీ కప్పుతో నిలబడి ఉంటే నిజంగానే ఒక పిట్ట వచ్చింది. ఆ ఫీడర్ ముందు గాల్లో నిలబడి, ముక్కు ఒక్కసారి పెట్టి చూసి, వెళ్లిపోయింది. పెళ్లికి పిలిచి, తీరా వచ్చినవాళ్లకి పాచిపోయిన అన్నం పెట్టినట్టయింది నా పని.

కాబట్టి ఏదైనా కొనేముందు మీరెలాంటి మనుషులో తేల్చుకోండి. దానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. మీ కుండీలో కరివేపాకు మొక్కకి ఎన్నేళ్లు? నవంబరు చలికి దాన్ని లోపలికి తెచ్చి, కిటికీ పక్కన పెట్టి, మార్చిలో మళ్లీ బయట పెడుతూ మూడు చలికాలాలు దాటించారా? అయితే మీరు ఫీడర్ మనుషులు, నిశ్చింతగా కొనుక్కోండి. ప్రతి వేసవిలో కొత్త కరివేపాకు మొక్క కొంటున్నారా? అయితే ఫీడర్ జోలికి పోకండి, నేలలో పూలమొక్కలు వేయండి. పూలు వాటంతటవే రోజూ తేనె పడతాయి, మీరు మర్చిపోయినా అవి మర్చిపోవు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మన స్వభావానికి ఎదురీదుతూ పెట్టుకున్న ఏర్పాటు ఆగస్టు దాకా నిలవదు, అంతే. నేను రెండో రకం మనిషిని. మొక్కలతో మొదలుపెట్టి, మూడేళ్ల తరవాతగానీ మళ్లీ ఫీడర్ ముట్టుకోలేదు.

కాశీరత్నం పుట్టిల్లు

ఆ రెండో ఏడాది సైప్రస్ వైన్ అని రాసి ఉన్న విత్తనాల పొట్లం ఒకటి తెచ్చి కంచె వెంట చల్లాను. బొమ్మలో ఎర్రటి నక్షత్రాల్లాంటి పూలున్నాయని కొన్నాను, అంతకుమించి తెలీదు. జులైలో అమ్మ ఒంగోలు నుంచి వచ్చింది. మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్లి అక్కడినుంచే కేకేసింది.

"ఏమే, కాశీరత్నం వేశావా! ఇక్కడ కూడా దొరుకుతుందా ఇది?"

అప్పటిదాకా ఆ సన్నటి ఈకలాంటి ఆకునీ, ఆ పువ్వునీ నేను పోల్చుకోలేదు. చిన్నప్పుడు మా దడి నిండా పాకిన తీగే. తరవాత చదివితే తెలిసింది, అది పుట్టింది అమెరికా ఖండపు ఉష్ణమండలంలోనట. అంటే కాశీరత్నం మన దడి మీదికి కోడలుగా వచ్చింది, దాని పుట్టిల్లు ఈ వైపే. ఆ పొడుగాటి సన్నని గొట్టం పువ్వు హమ్మింగ్‌బర్డ్ ముక్కుకి కొలిచి కుట్టినట్టు ఉంటుంది.

ఆ వారమే పిట్ట వచ్చింది. అమ్మ చూసి, "ఇది మన తేనెపిట్టే కదూ" అంది. చాలామంది అలాగే అనుకుంటారు. హమ్మింగ్‌బర్డ్‌లు ఒక్క అమెరికా ఖండాల్లోనే ఉంటాయి, మన దేశంలో ఒక్కటి కూడా లేదు. మన మందార చెట్టు మీద వాలే తేనెపిట్ట వేరే వంశం. అది చాలావరకు కొమ్మ మీద కూర్చుని తాగుతుంది. ఇది గాల్లో నిలబడి, సెకనుకి యాభైసార్లు రెక్కలాడిస్తూ, వెనక్కి కూడా ఎగురుతుంది. వంశం ప్రకారం తేనెపిట్ట కంటే ఆకాశంలో తిరిగే స్విఫ్ట్ పిట్టలు దీనికి దగ్గరి చుట్టాలు. ఒకే రకం పనికి ఒకే రకం ముక్కు రెండు చోట్లా విడివిడిగా తయారైంది. ఇదంతా చెబితే అమ్మ విని, "ఏదైతేనేం, పోలిక ఉంది" అని తేల్చేసింది.

కాశీరత్నంతో ఒక చిక్కుంది. గింజ రాలిన ప్రతిచోటా మొలుస్తుంది. కొన్ని రాష్ట్రాలు ఈ జాతి తీగల్ని హానికరమైన కలుపు కింద లెక్కగట్టాయి. మీ రాష్ట్రంలో పరిస్థితి కనుక్కుని వేయండి, వేస్తే వసంతంలో అదనపు మొలకల్ని నిర్దయగా పీకేయండి. అన్నట్టు, ఊరినుంచి సూట్‌కేసులో విత్తనాలు తెచ్చే అలవాటు మానుకోండి. అవసరమైన అధికారిక పత్రాలు లేకుండా తేకూడదు. విమానాశ్రయంలో అమ్మమ్మ ఇచ్చిన పొట్లం చెత్తబుట్టలో పడటం నేను కళ్లారా చూశాను.

ఎండాకాలం చివర్లో, అంటే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పూచే మొక్కలే మనకి కావాలి. ఏప్రిల్లో పూచి ఊరుకునేవాటితో ఈ ప్రయాణికులకి పనిలేదు. టెక్సాస్ నేలకి నేను ముందు చెప్పేది టర్క్స్ క్యాప్. విచ్చుకోకుండా ముడుచుకునే ఉండే ఎర్ర పువ్వు, మన వైపు మిరప మందారం అని పెంచుకునేదానికి సొంత చెల్లెలు. చెట్టునీడలో కూడా పూస్తుంది. చలికి పైభాగం చచ్చిపోయినా వేరు బతికి మళ్లీ చిగురిస్తుంది. ఒక్కసారి నాటి మర్చిపోయే మనుషులకి ఇంతకు మించిన మొక్క లేదు. రెండోది ఫ్లేమ్ అకాంతస్, మన కనకాంబరం కుటుంబానిదే. నారింజ ఎరుపు పూలు, ఎంత ఎండకైనా తొణకదు. మూడోది ఆటమ్ సేజ్. దీనికి ఒక్క పని చేయాలి. ఆగస్టు మధ్యలో కత్తెర తీసుకుని మూడోవంతు ఎత్తు కత్తిరించేయాలి. పచ్చటి కొమ్మ కోయడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. కోసిన మొక్కే సెప్టెంబరులో కొత్త కొమ్మలేసి నిండుగా పూస్తుంది.

ఇక కూరపాదుల్లో మీకు తెలీకుండానే ఒక సాయం ఉంది. ఊదా పువ్వు చిక్కుడు. పగటి పొద్దు తగ్గేకొద్దీ పూతకొచ్చే తీగ అది, అందుకే జూన్‌లో ఎంత పెరిగినా ఆకులే తప్ప కాయ కనిపించక మనం తిట్టుకుంటాం. సెప్టెంబరులో పూత దిగుతుంది. దాని చుట్టూ తేనెటీగలతో పాటు హమ్మింగ్‌బర్డ్ కూడా తిరగడం మా పందిరి దగ్గర చూశాను. ఎండిన బీరతీగ పీకేయండి, చిక్కుడు మాత్రం ఉంచండి.

డాలస్ నేల గురించి ఒక మాట. గుంటూరు, ప్రకాశం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లకి ఇది కొత్త కాదు, అచ్చం నల్లరేగడి. ఎండకి చెయ్యి దూరేంత పగుళ్లిస్తుంది, నీళ్లు పోస్తే పగుళ్లలోంచి పాతాళానికి పోతాయి. గొట్టం ధార పెట్టి వదిలేయడం వృథా. తెల్లవారుజామున సన్నటి ధారతో మొక్క మొదట్లోనే, నేల తాగేంత నెమ్మదిగా పోయాలి. మొదలు చుట్టూ మూడంగుళాల మందాన ఆకులో, చెక్కపొట్టో పరచాలి. చాలా ఊళ్లలో వారానికి రెండు రోజులే స్ప్రింక్లర్లు వేయనిస్తారు, చేత్తో పోసుకోవడానికి అభ్యంతరం ఉండదు. కొత్త మొక్కలు నాటాలంటే సెప్టెంబరు మంచిది. నేల వెచ్చగా ఉంటుంది, ఎండ దిగుతుంది, మంచు పడటానికి నవంబరు సగం దాటాలి.

పంచదార నీళ్లు

కరివేపాకు పరీక్షలో నెగ్గినవాళ్లకి ఈ భాగం. మిగిలినవాళ్లు కూడా చదవండి, మారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఒక కప్పు పంచదార, నాలుగు కప్పుల నీళ్లు. కాచి, కరిగించి, చల్లార్చడం. వంటకం అంతే. ఎర్ర రంగు కలపకండి, ఫీడర్‌కి ఉన్న ఎరుపు చాలు. ఇక్కడే మన మంచితనం అడ్డొస్తుంది. పంచదార కంటే బెల్లం ఆరోగ్యం కదా, తేనె ఇంకా శ్రేష్ఠం కదా అని తోస్తుంది. బెల్లంలో ఉండే ఇనుము ఆ చిన్న ప్రాణానికి కీడు చేస్తుంది. తేనె కలిపిన నీళ్లలో బూజు త్వరగా పడుతుంది. మనం ఇంట్లో తగ్గించమని పోరుపెట్టే తెల్ల పంచదారే దానికి సరైంది, ఎందుకంటే పూలతేనెలో ఉండే చక్కెరకి అదే దగ్గర.

ఎండ తొంభై డిగ్రీలు దాటితే ఆ నీళ్లు రోజు విడిచి రోజు మార్చాలి. వంద దాటితే రోజూ మార్చడం మేలు. పిట్ట తాగిందా లేదా అన్నదానితో సంబంధం లేదు. సీసా నిండా పోయకండి, అడుగున అరకప్పు చాలు. మిగతాది ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. నేనేం చేస్తానంటే, ఇడ్లీపిండి రుబ్బే ఆదివారం నాడే పాకం కాచి సీసాలో పోసి పెడతాను. పొద్దున డికాక్షన్ దిగేలోపు ఫీడర్ కడిగి నింపుతాను. వేడినీళ్లు, సన్న బ్రష్షు, కాస్త వెనిగర్. సబ్బు వద్దు. డికాక్షన్ దిగడానికి ఎలాగూ పది నిమిషాలు పడుతుంది, అంతకుముందు ఆ పది నిమిషాలూ ఫోన్ చూసుకునేదాన్ని. కొత్త పనిని ఉత్త సంకల్పం మీద నిలబెట్టడం నాకెప్పుడూ చేతకాలేదు, పాత పనికి ముడేస్తే మాత్రం నిలిచింది.

చీమల సంగతి, ఆ తరవాత మళ్లీ వచ్చినప్పుడు అమ్మే తేల్చింది. కొట్లో చీమల అడ్డు అని ఒక చిన్న గిన్నె అమ్ముతారు. ఫీడర్‌కి పైన తగిలించి అందులో నీళ్లు పోస్తే చీమలు దాటలేవు. దాన్ని చూసి అమ్మ నవ్వింది. "పాలగిన్నె నీళ్ల పళ్లెంలో పెట్టడమేగా ఇది! దీనికి పన్నెండు డాలర్లా?" నిజమే. ప్లాస్టిక్ మూతకి కన్నం పెట్టి, తీగ దూర్చి, కన్నం పూడ్చి ఆవిడే ఒకటి చేసి పెట్టింది. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

ఎక్కడ కట్టాలి? మధ్యాహ్నం నీడ పడేచోట. కిటికీ అద్దానికి మూడడుగుల లోపలైనా ఉండాలి, లేకపోతే ముప్ఫై అడుగుల దూరమైనా ఉండాలి. మధ్యలో కడితే వేగమందుకుని వచ్చి అద్దానికి గుద్దుకుంటాయి. ఫీడర్ మీద పచ్చటి గొల్లభామలాంటి పురుగు పొంచి ఉంటే తీసి దూరంగా వదలండి. ప్రేయింగ్ మాంటిస్ అంటారు, అది ఈ పిట్టని కూడా పట్టి తినగలదు.

ఒక ఫీడర్ పెడితే ఒకటే పిట్ట తాగుతుంది. మిగిలినవాటిని తరిమికొట్టడమే దాని ఉద్యోగం. మా ఇంట్లో ఒక మగపిట్ట ఎదురుగా కంచె తీగ మీద కూర్చుని, ఎవరొచ్చినా కత్తి దూసినట్టు మీదపడేది. అమ్మ దానికి పెత్తందారని పేరు పెట్టింది. పరిష్కారం, రెండో ఫీడర్‌ని ఇంటికి అటువైపు, ఒకదాని దగ్గర్నుంచి ఇంకోటి కనపడకుండా కట్టడం. రెండింటికీ కాపలా కాయడం ఎంత పెత్తందారు వల్లా కాదు.

ఆగస్టు సెప్టెంబరుల్లో ఎర్రగొంతు లేని పిట్టలే ఎక్కువ కనిపిస్తాయి, ఇవి వేరే జాతేమోనని అనుమానించకండి. ఎదిగిన మగవాటికే ఆ ఎరుపు. అవి ముందు వెళ్లిపోతాయి. ఆడవీ, ఆ ఏడాది పుట్టిన పిల్లలూ వెనక వస్తాయి. ఆ పిల్లలకి దారి చూపేవాళ్లు ఎవరూ ఉండరు, మొదటి ప్రయాణం ఒంటరిగానే. ఆ ఎరుపు కూడా రంగు కాదు, ఈకల నిర్మాణం మీద పడిన వెలుగు చేసే మాయ. నీడలో ఉంటే గొంతు నల్లగా కనిపిస్తుంది.

వదిలేయాల్సిన పనులు

ఓపిక లేనివాళ్లకి నేను సంతోషంగా చెప్పేది ఈ భాగం. సాలెగూళ్లు దులపకండి. పండక్కి ముందు వరండా అంతా దులిపి తీరాలని అమ్మ చీపురు పట్టుకుంటే నేను అడ్డుపడ్డాను. హమ్మింగ్‌బర్డ్ బతికేది తీపి మీద మాత్రమే కాదు. చిన్న దోమలు, ఈగలు, సాలీళ్లు దానికి మాంసకృత్తులు. గూడు కట్టేటప్పుడు సాలీడు దారంతోనే అల్లుతుంది. అక్రోటుకాయ చిప్పంత గూడు, అందులో చిక్కుడుగింజంత గుడ్లు రెండు. మా ఇంట్లో చివరికి రాజీ కుదిరింది. గుమ్మం ఎదుట అమ్మ ఇష్టం, పెరటి మూల నా ఇష్టం. గూడు కనిపిస్తే, ఖాళీదైనా సరే, ముట్టుకోకండి. 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం తీసి దాచుకోకూడదు.

పురుగుమందులు ఆపేయండి. వేరు నుంచి పీల్చుకుని మొక్కంతా పాకే మందులు పూలతేనెలోకి కూడా చేరతాయి. నర్సరీలో కొనేటప్పుడు అలాంటివి వాడారా అని అడగండి. సహజమైనదే కదా అని వేపనూనె కూడా పూల మీద కొట్టకండి.

వరలక్ష్మీ వ్రతం నాడు మా ఇంట్లో ఇంకో తగువు వచ్చింది. టర్క్స్ క్యాప్ పూలన్నీ బుట్టలోకి కోస్తుంటే, సగం చెట్టు మీద ఉంచమని అన్నాను. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "సరేలే, అదీ ముత్తైదువే" అని కింది కొమ్మలు వదిలేసింది.

చలికాలం వస్తోంది, ఇంకా తీపి పెడుతుంటే పిట్ట వెళ్లకుండా ఉండిపోతుందేమో, ఫీడర్ దించేయమని ఇరుగుపొరుగు చెబుతారు. నమ్మకండి. అది బయలుదేరేది పగటి పొద్దు కురచ కావడాన్ని బట్టి, మీ పంచదార కోసం ఆగదు. చివరి పిట్టని చూశాక ఇంకో రెండు వారాలు ఉంచండి, వెనకబడ్డ పిల్ల ఏదైనా ఉంటే దానికి పనికొస్తుంది. దక్షిణ తీరానికి దగ్గరున్నవాళ్లయితే అసలు దించకపోయినా ఫరవాలేదు. పడమటి నుంచి వచ్చే రూఫస్ అనే గోధుమరంగు జాతి కొన్ని అక్కడే చలికాలం గడుపుతాయి. తీరంలోని రాక్‌పోర్ట్ ఊళ్లో ఏటా సెప్టెంబరులో ఈ పిట్టల పేరిట ఉత్సవం జరుగుతుంది. ఒక్కసారైనా పిల్లల్ని తీసుకెళ్లండి.

కిందటేడు మా ఇంట్లో చివరి పిట్ట అక్టోబరు రెండో వారంలో కనిపించింది. అమ్మ అప్పటికి ఒంగోలు వెళ్లిపోయింది. రోజూ వీడియో కాల్‌లో ముందు "అది వచ్చిందా?" అనీ, తరవాత "మీరు తిన్నారా?" అనీ అడిగేది. రాలేదని చెప్పిన తరవాత కూడా పద్నాలుగు రోజులు ఫీడర్ నింపాను. పదిహేనో రోజు డికాక్షన్ దిగుతుండగా కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టాను. తరవాత కంచె దగ్గరికెళ్లి, ఎండిన కాశీరత్నం కాయల్ని అరచేతిలో నలిపి, గింజలు కాగితప్పొట్లంలో పోసి, పైన సంవత్సరం రాశాను. రాలినవి ఎలాగూ ఉన్నాయి. అయినా పొట్లం కట్టకుండా ఉండలేకపోయాను.